కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు కలకాలం నిలిచే అభిమానులు ఎలా తయారవుతారు?

రేగడినేల | 14 సెప్టెంబరు 2025

అందరికీ నమస్కారం. అమెరికా మధ్య పశ్చిమాన ఒక చిన్న ఊళ్లో ఎంఎస్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా యూనివర్సిటీ క్రీడా విభాగంలో టికెట్ల పని చేస్తున్నాను. ఇక్కడి ఫుట్‌బాల్ అంటే తెలుసుగా, కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే ఆట. మాది రెండో డివిజన్ జట్టు. టీవీలో కనిపించే లక్షమంది స్టేడియాల సంగతి వేరు, మా మైదానంలో ఏడువేల మంది కూర్చుంటే నిండినట్టే.

నిన్న ఈ సీజన్‌లో మా ఊళ్లో మొదటి ఆట. విద్యార్థులకు ఉచితంగా టీషర్టు, పిజ్జా ఇస్తామని ప్రకటించాం. వాళ్ల గ్యాలరీ కిటకిటలాడింది. హాఫ్‌టైమ్‌కు నేను గేటు దగ్గర నిలబడ్డాను. బ్యాండ్ వాళ్లు మైదానంలోకి దిగేలోపే జనం బయటికి నడవడం మొదలైంది. మూడో క్వార్టర్‌లో మావాళ్లు టచ్‌డౌన్ చేస్తే, అంటే బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటిస్తే, లేచి అరిచింది ఎక్కువగా ఆటగాళ్ల తల్లిదండ్రులే. ఆట ముగిశాక బల్లలు శుభ్రం చేస్తుంటే మడత కూడా విప్పని టీషర్టులు వరుసగా కనిపించాయి. వాటిని మళ్లీ అట్టపెట్టెలో సర్దుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ జట్టులో ఇద్దరు నా క్లాసు పిల్లలే. తెల్లవారుజామున ఐదింటికి వాళ్లు కసరత్తుకు వెళ్లడం మా హాస్టల్ కిటికీలోంచి రోజూ చూస్తుంటాను.

అభిమానులు ఏళ్ల తరబడి నిలిచేలా ఏం చేయాలో జనవరిలోగా ఒక ప్రణాళిక రాసి ఇమ్మని మా అధికారి అడిగారు. నాకు తెలిసిందల్లా క్రికెట్ అభిమానం. ఆదోనిలో మా వీధిలో కరెంటు పోతే ఒక్క ట్రాన్సిస్టర్ చుట్టూ పాతికమంది చేరేవారు. మా తాతయ్య స్కోరు చెబుతుంటే ఆడపిల్లలం మేమూ అరుగు మీద కూర్చుని వినేవాళ్లం. ఆ ఇష్టం ఇరవై ఏళ్లయినా పోలేదు. ఇక్కడ అలాంటిది ఎలా పుట్టించాలో తెలియడం లేదు.

కాలేజీ ఊళ్లలో ఉంటున్నవాళ్లు, చదివి వెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి. మిమ్మల్ని మీ జట్టుకు కట్టిపడేసింది ఏమిటి?

ప్లాట్‌నది | 14 సెప్టెంబరు 2025

అమ్మా, నేను 1993లో పీహెచ్‌డీ కోసం నెబ్రాస్కా వచ్చాను, ఇక్కడే ఉండిపోయాను. లింకన్‌లో మా యూనివర్సిటీ జట్టు ఆడే మెమోరియల్ స్టేడియంలో 1962 నవంబరు 3 నుంచి టికెట్లు మిగిలిన ఆట లేదు. వరుసగా అమ్ముడైన ఆటల లెక్క 2024లో నాలుగు వందలు దాటింది. ఆట ఉన్న శనివారం ఆ స్టేడియమే రాష్ట్రంలో మూడో పెద్ద నగరం అంటారు ఇక్కడివాళ్లు. ఒమాహా, లింకన్‌ల తర్వాత అంతమంది ఉన్న చోటు మరొకటి లేదు.

నేను వచ్చిన కాలం మంచిది, ఒప్పుకుంటాను. 1994, 1995, 1997లలో మేమే జాతీయ విజేతలం. కానీ 2017 నుంచి 2023 దాకా ఏడేళ్లు వరసగా గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ. అయినా జనం వచ్చారు. ఎందుకు వచ్చారో నాకు తెలిసిన మేరకు చెబుతాను.

ఈ రాష్ట్రంలో పెద్ద వృత్తి ఫుట్‌బాల్ జట్టు ఒక్కటీ లేదు. పడమటి చివరన గొడ్లు మేపుకునే రైతుకూ, ఒమాహాలో బ్యాంకు ఉద్యోగికీ ఉమ్మడిగా ఉన్నది ఈ ఒక్క జట్టే. అక్టోబరులో మొక్కజొన్న కోత యంత్రం నడుపుతూ రేడియోలో ఆట వింటారు. సీజన్ టికెట్లు తండ్రి నుంచి పిల్లలకు వస్తాయి, మన దగ్గర పొలం పంచుకున్నట్టు.

నా మొదటి ఆటకు మా ప్రొఫెసర్ తన టికెట్ ఇచ్చారు. పక్క సీట్లో డెబ్బై దాటిన రైతు ఉన్నాడు. నాకేమీ తెలియదని గ్రహించి, జేబులోంచి పెన్ను తీసి, వేరుశనగల పొట్లం మీద గీతలు గీసి చెప్పాడు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోలేకపోతే బంతి వాళ్లకు. అంతే. మూడో క్వార్టర్‌కల్లా నేను నిలబడి అరుస్తున్నాను. ఆయనకు అటు పక్క సీటు ఖాళీగా ఉంది. ఆయన భార్య పోయి రెండేళ్లయిందట. ఆమె టికెట్ ఆయన మానుకోలేదు. ఆమె దుప్పటి మడిచి ఆ సీటు మీద పెట్టుకున్నాడు. మరుసటి వారం నేను నిలబడి చూసే టికెట్ కొనుక్కుని వెళ్లి ఆయనను వెతుక్కున్నాను.

ఇంకొక్క మాట. ఓడినా గెలిచినా, ఎదుటి జట్టు మైదానం వదిలి వెళ్తున్నప్పుడు మావాళ్లు చప్పట్లు కొడతారు. నాకు ఈ ఊరి మీద గౌరవం కలిగింది అక్కడే.

త్రాసు | 15 సెప్టెంబరు 2025

ప్లాట్‌నది గారి అనుభవాన్ని గౌరవిస్తూనే వేరే మాట చెప్పాలి. ఈ అమ్మాయి ప్రణాళిక రాయాలి. ముందు నిజం మాట్లాడుకుందాం. గెలవని జట్టుకు జనం రారు.

కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ జట్టును చూడండి. 1989లో బిల్ స్నైడర్ కోచ్‌గా వచ్చేసరికి ఆ జట్టు వరసగా 27 ఆటల్లో గెలుపు ఎరగదు. ఒకటి సమం, మిగతావన్నీ ఓటములు. దేశంలో అందరికన్నా ముందు ఐదువందల ఓటములు మూటగట్టుకున్న జట్టు అది. స్టేడియం బోసిపోయి ఉండేది. ఆయన మొదటి ఏడాది గెలిచింది ఒక్క ఆటే. 1998లో రెగ్యులర్ సీజన్‌లోని 11 ఆటలూ ఓటమి లేకుండా గెలిచారు. జనం దానికోసం వచ్చారు. ఇండియానా యూనివర్సిటీ కూడా అంతే. దశాబ్దాల పాటు బాస్కెట్‌బాల్ తప్ప పట్టని ఊరు, 2024లో కర్ట్ సిగ్నెట్టి వచ్చి 11 ఆటలు గెలిపించగానే ఫుట్‌బాల్ టికెట్ల కోసం ఎగబడింది.

నెబ్రాస్కా లెక్క గురించి కూడా పూర్తిగా చెప్పుకోవాలి. 2021లో కొన్ని ఆటలకు మిగిలిన టికెట్లను దాతలు కొని పేద పిల్లలకు పంచారు. అందువల్లే ఆ వరుస తెగలేదు.

ఇక ఇప్పటి పరిస్థితి. 2018లో ఆటగాళ్లు ఒక యూనివర్సిటీ నుంచి మరోదానికి మారే పద్ధతి తేలికైంది. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ ప్రకటనలకు ఇచ్చి డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 నుంచి యూనివర్సిటీలే నేరుగా డబ్బు ఇస్తున్నాయి. ఈ ఏడాది మన తరఫున ఆడినవాడు వచ్చే ఏడాది మన ప్రత్యర్థి. ఇలాంటి చోట ఏళ్ల తరబడి అభిమానం అంటే దేని మీద?

సన్నజాజి | 15 సెప్టెంబరు 2025

త్రాసు గారూ, దేని మీద అని అడిగారు కాబట్టి చెబుతాను. నేను 2006 నుంచి 2008 దాకా మిస్సోరిలోని మేరీవిల్‌లో, నార్త్‌వెస్ట్ మిస్సోరి స్టేట్‌లో చదివాను. మన తెలుగు పిల్లలు చాలామందికి ఆ ఊరు తెలుసు. రేగడినేల జట్టులాగే అదీ రెండో డివిజన్.

1994లో మెల్ చెర్డ్‌స్మా అనే కోచ్ వచ్చాడు. మొదటి ఏడాది పదకొండు ఆటలాడి పదకొండూ ఓడారు. 1998లో, 1999లో జాతీయ విజేతలయ్యారు. 1999 ఫైనల్ నాలుగు అదనపు వ్యవధులు సాగి 58-52తో ముగిసింది. ఇంతవరకూ మీ వాదనే. నేను చూసింది ఆ తర్వాతి కథ. 2005, 2006, 2007, 2008. నాలుగేళ్లు వరసగా ఫైనల్‌కు వెళ్లి నాలుగేళ్లూ ఓడిపోయారు.

2007 ఫైనల్‌కు నేను వెళ్లాను. అలబామాలోని ఫ్లోరెన్స్‌లో జరిగింది. మా ఇంటి యజమాని దంపతులు కారులో నాకూ, మా గది స్నేహితురాలికీ చోటు ఇచ్చారు. రాత్రంతా ప్రయాణం. ఆంటీ దారిలో తినడానికని మాంసం లేని శాండ్‌విచ్‌లు మా ఇద్దరికీ వేరుగా చేసి, పొట్లాల మీద మా పేర్లు రాసి తెచ్చారు. నా పేరు ఆమెకు పలకడం వచ్చేది కాదు, రాయడం మాత్రం ఒక్క అక్షరం పొల్లు పోకుండా రాశారు. ఆ రోజు వాల్డోస్టా స్టేట్ చేతిలో 25-20తో ఓడిపోయాం. చలిలో మేమంతా ఆటగాళ్లు బస్సెక్కే దాకా నిలబడ్డాం. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. తిరుగు ప్రయాణంలో అంకుల్ అన్న మాట ఇదొక్కటే, వచ్చే ఏడాది టైర్లు మార్పించాలి అని. అంటే వచ్చే ఏడాదీ వెళ్దామని.

2008లోనూ ఓడారు. 2009లో గెలిచారు. అప్పటికి నేను న్యూజెర్సీలో ఉద్యోగంలో ఉన్నాను. గెలిచిన పది నిమిషాలకు ఆంటీ ఫోన్ చేశారు. ఇద్దరం మాట్లాడలేకపోయాం, ఏడుస్తూనే ఉన్నాం. అంతకుముందు ఓటములు చూడకపోతే ఆ రోజు నాకు అంత ఏడుపు వచ్చేది కాదు.

నా అభిమానం ఆ కారు మీద, ఆ పొట్లాల మీద మొదలైంది. ఆటగాళ్ల పేర్లు సగం మరిచిపోయాను.

బ్రజోస్‌గట్టు | 16 సెప్టెంబరు 2025

టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ నుంచి రాస్తున్నాను. 1998లో చేరాను.

మా దగ్గర విద్యార్థులు ఆట మొత్తం నిలబడే చూస్తారు. సీటు ఉంటుంది, కూర్చోరు. దీని వెనక ఒక సంఘటన ఉంది. 1922 జనవరి 2న డాలస్‌లో సెంటర్ కాలేజీతో ఆట. మా జట్టులో ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు దెబ్బలు తగిలి బయటికి వచ్చేస్తున్నారు. కింగ్ గిల్ అనే విద్యార్థి ఫుట్‌బాల్ వదిలేసి బాస్కెట్‌బాల్‌కు మారినవాడు, ఆ రోజు పైన పాత్రికేయుల గదిలో ఆటగాళ్లను గుర్తుపట్టడానికి సాయం చేస్తున్నాడు. కోచ్ కబురు పెడితే కిందికి వచ్చి, దెబ్బ తగిలిన ఆటగాడి దుస్తులు వేసుకుని గీత పక్కన సిద్ధంగా నిలబడ్డాడు. జట్టు 22-14తో గెలిచింది. ఆయన దిగాల్సిన అవసరమే రాలేదు. కానీ చివరిదాకా నిలబడే ఉన్నాడు. అందుకే మా విద్యార్థులందరినీ కలిపి పన్నెండో ఆటగాడు అంటారు.

రేగడినేల చెల్లెమ్మా, గమనించాల్సిన విషయం ఇది. మీ కాలేజీ విద్యార్థులకు ఇచ్చింది, వాళ్లను ఏమీ అడగలేదు. మా కాలేజీ మాకు టీషర్టు ఇవ్వలేదు, నాలుగు గంటలు నిలబడమంది. మొదటి ఆటకు నాకు కాళ్లు పీకి, కూర్చుందామని వంగాను. వెనక వరుసలో ఒక అమ్మాయి భుజం తట్టి, బంతి వాళ్ల చేతిలో ఉంది, ఇప్పుడు కూర్చోకు అంది. నేను కూర్చుంటే జట్టుకు నష్టమని ఆమె నిజంగా నమ్మింది. ఆ నమ్మకం నాకూ అంటుకుంది.

1999 నవంబరు 18 తెల్లవారుజామున మా విద్యార్థులు ఆటకు ముందు భోగిమంటలా వెలిగించడానికి కడుతున్న కట్టెల గోపురం కూలి 12 మంది చనిపోయారు, 27 మంది గాయపడ్డారు. వారం తర్వాత టెక్సాస్ యూనివర్సిటీతో ఆట. హాఫ్‌టైమ్‌లో వాళ్ల బ్యాండ్ మా పిల్లల కోసం టోపీలు తీసి మైదానం మీదుగా నడిచి వెళ్లింది. ఎనభై వేలకు పైగా జనం, చిన్న చప్పుడు లేదు. ఆ రోజు 20-16తో గెలిచాం. ఇప్పటికీ నవంబరు వస్తే నాకు స్కోరు కన్నా ముందు ఆ నిశ్శబ్దం గుర్తొస్తుంది.

రేగడినేల | 17 సెప్టెంబరు 2025

మీరందరూ ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. సన్నజాజి అక్కా, మీ పోస్టు మా ఆఫీసులో అనువదించి వినిపించాను.

బ్రజోస్‌గట్టు అన్నయ్యా, అడగాలన్నారు. నిరుడు మా కాలేజీ అదే ప్రయత్నించింది. నాలుగో క్వార్టర్ మొదట్లో అందరూ ఫోన్ల దీపాలు వెలిగించి ఊపాలని, ఇదే మన కొత్త సంప్రదాయమని మైకులో ప్రకటించారు. వెలిగించినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మూడు ఆటల తర్వాత మానేశారు. సంప్రదాయం నూరేళ్ల కిందటే మొదలైతే తప్ప నిలవదా?

తెల్లకలువ | 17 సెప్టెంబరు 2025

నిలుస్తుంది. అయోవాలో 2017లో మొదలైంది ఒకటి ఉంది. దాని గురించి రాయాలంటే నాకు కొంచెం ధైర్యం కావాలి.

అయోవా సిటీలో కిన్నిక్ స్టేడియం పక్కనే, రోడ్డుకు అవతల, పిల్లల ఆసుపత్రి కొత్త భవనం 2017లో తెరిచారు. పై అంతస్తు కిటికీల్లోంచి మైదానం కనిపిస్తుంది. పడకల మీద ఉన్న పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు అక్కడ చేరి ఆట చూస్తారు. ఆ పిల్లలకు స్టేడియంలో వాళ్లందరూ చేతులు ఊపితే బాగుంటుందని ఒక అభిమాని ఫేస్‌బుక్‌లో రాశారు. ఆ సెప్టెంబరు 2న, మొదటి ఆటలోనే, మొదటి క్వార్టర్ ముగియగానే జనం అటు తిరిగి చేతులు ఊపారు. అప్పటి నుంచి ప్రతి ఆటకూ అంతే. ఎదుటి జట్టు ఆటగాళ్లు, రిఫరీలు కూడా తిరిగి ఊపుతారు.

2018 శరదృతువులో మా బాబు ఆ కిటికీకి ఇవతల ఉన్నాడు. వాడికి నాలుగేళ్లు. మందుల వల్ల జుట్టు ఊడిపోయి, ఎవరైనా చూస్తే తల దుప్పటిలో దాచుకునేవాడు. ఆ శనివారం నర్సు చక్రాల కుర్చీలో కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. డెబ్బై వేల చేతులు ఒక్కసారిగా మావైపు లేచాయి. వాడు దుప్పటి కిందికి జార్చి, రెండు చేతులూ గాజుకు ఆనించాడు. అమ్మా, వాళ్లందరికీ నేను తెలుసా అని అడిగాడు. తెలుసు నాన్నా అన్నాను.

ఇప్పుడు వాడికి పదకొండేళ్లు, బడికి వెళ్తున్నాడు, ఆరోగ్యంగా ఉన్నాడు. మేము ఏడాదికి రెండు ఆటలకైనా వెళ్తాం. ఆట నియమాలు నాకు ఇప్పటికీ సరిగా రావు. మొదటి క్వార్టర్ ముగిసేసరికి మాత్రం మా నలుగురం అటు తిరిగి సిద్ధంగా ఉంటాం.

మీ కాలేజీ ప్రయత్నం ఎందుకు నిలవలేదో నాకు ఇలా అనిపిస్తోంది. దీపాలు ఎవరి కోసం ఊపాలో చెప్పలేదు కదా.

ప్లాట్‌నది | 17 సెప్టెంబరు 2025

తెల్లకలువ గారూ, బాబుకు మా ఆశీస్సులు. నేను 2018 తర్వాత ఒకసారి అక్కడికి మా జట్టుతో వచ్చి అటు తిరిగి చేతులు ఊపినవాడినే.

త్రాసు | 18 సెప్టెంబరు 2025

తెల్లకలువ గారి పోస్టు చదివాక వాదన మీద మనసు పోవడం లేదు. అయినా నా ప్రశ్నకు జవాబు రాలేదు. కాన్ఫరెన్సులే, అంటే ఏటా తమలో తాము ఆడుకునే జట్ల కూటములే, కూలిపోతుంటే, ప్రత్యర్థులే మారిపోతుంటే అభిమాని దేన్ని పట్టుకుని ఉండాలి? నెబ్రాస్కా, ఓక్లహోమా ఒకే కాన్ఫరెన్సులో ఆడటం 2010తోనే ఆగిపోయింది. టెక్సాస్, ఏ అండ్ ఎం 2011 తర్వాత మళ్లీ తలపడింది 2024లో. టీవీ డబ్బు కోసం ఇదంతా.

గోధుమకొండలు | 18 సెప్టెంబరు 2025

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది మేమే. నేను వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పూర్వ విద్యార్థిని. మా ఊరు పుల్‌మన్, చుట్టూ గోధుమ కొండలు. 2024లో మా కాన్ఫరెన్సులోని 12 జట్లలో పది వెళ్లిపోయాయి. మిగిలింది మేమూ, ఓరెగాన్ స్టేట్. నూరేళ్ల బంధాలు తెగిపోయాయి. ఆ బాధ ఇంకా పోలేదు, పోతుందని కూడా అనుకోను.

మాకు ఒక జెండా ఉంది. శనివారం ఉదయం టీవీలో కాలేజీ ఫుట్‌బాల్ కార్యక్రమం వస్తుంది, ప్రతి వారం ఒక కొత్త ఊరి నుంచి. 2003 అక్టోబరులో అది ఆస్టిన్‌లో జరిగినప్పుడు మా పూర్వ విద్యార్థి ఒకరు పక్క రాష్ట్రం నుంచి కారు నడుపుకుంటూ వెళ్లి, జనం మధ్యలో మా జెండా ఎగరేశారు. మా ఊరి వైపు ఆ కార్యక్రమం ఎప్పుడూ రావడం లేదన్న బాధతో చేసిన పని అది. అప్పటి నుంచి ప్రతి వారం, ఎక్కడ జరిగినా, ఆ జెండా అక్కడ ఉంటుంది. పెట్టెలో పెట్టి ఒక ఊరి నుంచి మరో ఊరికి పంపుతారు. అక్కడ దగ్గరలో ఉన్న మావాళ్లు ఎవరో ఒకరు తెల్లవారకముందే వెళ్లి ఎత్తి పట్టుకుంటారు. మొదట్లో యూనివర్సిటీ దీనికి పైసా ఖర్చు పెట్టలేదు. పదిహేనేళ్ల తర్వాత, 2018 అక్టోబరు 20న, ఆ కార్యక్రమం మా పుల్‌మన్‌కు వచ్చింది.

నేను ఒహాయోలో ఉన్నప్పుడు ఒకసారి ఆ జెండా పట్టుకున్నాను. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. కర్ర అనుకున్నదానికన్నా బరువు. పక్కన సాయం పట్టినాయన 1970ల్లో చదివినవాడు. మేమిద్దరం అంతకుముందు ఎప్పుడూ కలవలేదు, మళ్లీ కలవనూ లేదు. త్రాసు గారూ, కాన్ఫరెన్సు మమ్మల్ని వదిలేసింది. ఆ జెండా పట్టుకునే వంతు మాత్రం ఇప్పటికీ ఖాళీ లేదు.

విశాఖతీరం | 19 సెప్టెంబరు 2025

నేను బర్మింగ్‌హామ్‌లో డాక్టర్ని. క్లుప్తంగా చెబుతాను. అలబామాలో రెండు పెద్ద జట్ల నీడలో మా యూఏబీ, అంటే అలబామా యూనివర్సిటీ బర్మింగ్‌హామ్ జట్టు ఉండేది. 2014 డిసెంబరు 2న ఖర్చు భరించలేమని యూనివర్సిటీ జట్టును ఎత్తేసింది. అప్పటిదాకా ఖాళీ సీట్లు చూసినవాళ్లం, ఆ వారం వీధుల్లో ఆకుపచ్చ చొక్కాలు చూశాం. విద్యార్థులు, ఊరి వ్యాపారులు, పూర్వ విద్యార్థులు కలిసి డబ్బు కూడగట్టారు. ఆరు నెలల్లో నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. 2017లో మళ్లీ మైదానంలోకి దిగిన జట్టు ఎనిమిది ఆటలు గెలిచింది, 2018లో కాన్ఫరెన్సు విజేత అయింది.

అభిమానం లేదనుకున్న చోట అది ఉంది. ఎవరూ వాళ్లను సాయం అడగలేదు, అంతే తేడా. బ్రజోస్‌గట్టు గారు చెప్పినదానితో నేను ఏకీభవిస్తాను.

సన్నజాజి | 19 సెప్టెంబరు 2025

రేగడినేలా, మీ ఊళ్లో సీజన్ టికెట్లు ఉన్న ముసలివాళ్లు ఉంటారు కదా? చాలామందికి పక్క సీట్లు ఖాళీగా ఉంటాయి. విద్యార్థులను విడిగా ఒక మూల గుంపుగా కూర్చోబెట్టకుండా, కొందరినైనా వాళ్ల పక్కన కూర్చోబెట్టలేరా? విదేశీ విద్యార్థులను ముఖ్యంగా. ఆట అర్థం కాక వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. నేనూ మొదటి ఆటలో రెండో క్వార్టర్‌కే లేచాను.

శాకాహారుల సంగతీ చూడండి. ఆటకు ముందు కార్ల దగ్గర వంటల్లో అంతా మాంసమే కాలుస్తారు. మన పిల్లలు కడుపు మాడ్చుకుని వచ్చి హాఫ్‌టైమ్‌కు అన్నం కోసం గదికి పోతారు. పెద్ద గిన్నెడు పులిహోర కలిపి తీసుకెళ్తే చాలు. మేరీవిల్‌లో మేము చేసినప్పుడు అమెరికన్లు కూడా వరుసలో నిలబడ్డారు.

త్రాసు | 20 సెప్టెంబరు 2025

నేను పట్టుబట్టినట్టు అనిపిస్తే మన్నించండి. గెలుపు జనాన్ని గేటు దాకా తెస్తుందని ఇప్పటికీ అంటాను. గేటు దాటాక వాళ్లను ఆపేది వేరే ఏదో అని మీరంతా చెబుతున్నారు, అది కాదనలేను. కాన్సాస్ స్టేట్ స్టేడియానికి స్నైడర్ పేరు పెట్టినప్పుడు కుటుంబం అనే మాట కూడా చేర్చారని నాకు తెలుసు. ఎదుటి జట్టు ఆటగాళ్లకు కూడా ఆయన ఊదా సిరాతో ఉత్తరాలు రాసేవాడనీ తెలుసు. ఆ సంగతులు నా మొదటి పోస్టులో రాయలేదు, రాయాల్సింది.

రేగడినేలకు నా వృత్తి వైపు నుంచి ఒక సలహా. నేను డేటా పని చేస్తాను. మీ ఆఫీసు గేటు దగ్గర తలలు లెక్కపెడుతోంది. ఆ లెక్కలో టీషర్టు కోసం వచ్చినవాడూ, చివరిదాకా ఉన్నవాడూ ఒక్కటే. మొదటి ఆటకు వచ్చినవాళ్లలో రెండో ఆటకు ఎవరు వచ్చారు, ఓడిన ఆట తర్వాతి వారం ఎవరు వచ్చారు, చదువు అయిపోయి వెళ్లాక ఎవరు టికెట్ కొన్నారు, ఇవి లెక్కపెట్టండి. విద్యార్థి కార్డు గీకి లోపలికి పంపుతారు కాబట్టి వివరాలు మీ దగ్గరే ఉన్నాయి. మీకు కావాలంటే పట్టిక తయారు చేయడంలో సాయం చేస్తాను.

రేగడినేల | 16 నవంబరు 2025

రెండు నెలలు మౌనంగా ఉన్నందుకు మన్నించండి. చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

సన్నజాజి అక్క చెప్పింది చేశాం. టికెట్ల జాబితాలోంచి పాత సీజన్ టికెట్ల వాళ్లకు నేనే ఫోన్లు చేశాను. పక్కన ఒక విదేశీ విద్యార్థిని కూర్చోబెడితే ఆట చెబుతారా అని అడిగాను. ఇరవై రెండు మంది సరేనన్నారు. ఒకావిడ, అతను ఏం తింటాడు అని వెంటనే అడిగింది. ఆటకు ముందు గురువారం సాయంత్రం నా క్లాసు ఆటగాళ్లిద్దరూ మైదానానికి వచ్చి, మన పిల్లలను గీతల మీద నిలబెట్టి, బంతి చేతికిచ్చి ఆట నేర్పారు. ఒకడు నూట ముప్పై కిలోల మనిషి. నంద్యాల నుంచి వచ్చిన సన్నటి కుర్రాడి చేతిలో బంతి పెట్టి, నిన్ను కాపాడటమే నా పని, నా వెనకే పరుగెత్తు అన్నాడు. వాడు నిజంగానే ముప్పై గజాలు పరుగెత్తాడు.

పులిహోర రెండు గిన్నెలు సరిపోలేదు.

త్రాసు అన్నయ్య పంపిన పట్టికలో ఇప్పుడు ఒక్కొక్కరి వరుస కనిపిస్తోంది. అలా పక్కన కూర్చున్న ఇరవై రెండు మంది విద్యార్థుల్లో పద్నాలుగు మంది తర్వాతి ఆటలన్నిటికీ వచ్చారు. టీషర్టులు ఈ సీజన్‌లో మళ్లీ పంచలేదు. విద్యార్థుల గ్యాలరీ మాత్రం ఇంకా హాఫ్‌టైమ్‌కు పలచబడుతూనే ఉంది, అది దాచను.

నిన్న మా ఊళ్లో చివరి ఆట. గడ్డకట్టే చలి. నాలుగో క్వార్టర్‌లో మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. నేను అలవాటుగా గేటు దగ్గర నిలబడ్డాను. పద్నాలుగో వరుసలో నంద్యాల కుర్రాడు, అతని పక్క సీటు పెద్దాయన, ఒకప్పటి బడి బస్సు డ్రైవరు, ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని, జట్టు లోపలికి వెళ్లేదాకా కదల్లేదు. ఎదుటి జట్టు వెళ్తుంటే చప్పట్లు కొట్టారు. ప్లాట్‌నది గారూ, అది నేను చెప్పలేదు. ఆ పెద్దాయనకే అలవాటట.

కుర్రాడి చదువు డిసెంబరులో అయిపోతుంది, డాలస్‌లో ఉద్యోగం. ఈరోజు పొద్దున్నే మా కౌంటరు తెరవకముందే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. డాలస్ నుంచి మన ఆట రేడియోలో వినాలంటే ఎలా అక్కా అని అడిగాడు. మా కాలేజీ రేడియో ఇంటర్నెట్‌లో వస్తుంది. చిరునామా ఒక టికెట్ వెనక రాసి ఇచ్చాను. రెండోది కూడా రాసివ్వమన్నాడు, ఆ పెద్దాయన పిల్లలు ఒరెగాన్‌లో ఉంటారట, వాళ్లకు పంపుతానన్నాడు.

ప్లాట్‌నది | 16 నవంబరు 2025

అమ్మా, ఆ రేడియో చిరునామా ఇక్కడా పెట్టు. వచ్చే సెప్టెంబరులో మా ఆట లేని శనివారం నేనూ వింటాను.